ఫ్యూజు కాపాడేది ఎవరిని?

కరెంటు పోగానే ముందు పక్కింటి వైపు చూస్తాం. వాళ్ల లైట్లు వెలుగుతుంటే మన ఫ్యూజు పోయినట్టే. ఊళ్లో దీన్నే ‘ఫీజు పోయింది’ అంటారు. కాలేజీలో ఫీజంటే అది వేరే బాధ అనుకోండి.

ఫ్యూజు అంటే చిన్న తీగ ముక్క. దాన్ని ఫేజు వైరుకి సిరీస్‌లో పెడతారు. కాబట్టి గోడలోని వైరులో ఎంత కరెంటు పారితే దీంట్లోనూ అంతే. కానీ ఇది సన్నం, రెసిస్టెన్స్ ఎక్కువ, అందుకే ముందు వేడెక్కేది ఇదే. ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: కరెంటు రెట్టింపైతే వేడి 4 రెట్లు, మూడింతలైతే 9 రెట్లు.

కోడ్ రాసే అలవాటున్నవాళ్లకి ఇదొక ఇఫ్ కండిషన్‌లా కనిపిస్తుంది: 5 ఆంపియర్లు దాటితే కట్. అలా ఉండదు. ఫ్యూజుకి అంకెలు తెలీవు, వేడి ఒక్కటే తెలుసు. 5 ఆంపియర్ల ఫ్యూజులో 6 పారినా చాలాసేపు అలాగే ఉండొచ్చు. షార్ట్ సర్క్యూట్‌లో వందల ఆంపియర్లు వస్తే మాత్రం రెప్పపాటులో కరిగిపోతుంది. ఈ నిదానం కూడా అవసరమే. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే 5, 6 రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కొద్ది సెకన్లకే ఫ్యూజు పోతే ఏ బోరూ నీళ్లు పోయదు.

ఇంతకీ ఇది కాపాడేది ఎవరిని? టీవీనో ఫ్రిజ్జునో అనుకుంటాం. ముఖ్యంగా గోడలోని వైరుని. మామూలు వైరు మీది పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. లోపలి రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. ఇల్లు అంటుకునేది ఈ రెండు అంకెల మధ్యలోనే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని కొందరు నాలుగు రాగి పోగులు మెలేసి చుట్టేస్తారు. లైటు వెలుగుతుంది, అందరూ హ్యాపీ. కానీ ఇప్పుడు ఆ సర్క్యూట్లో ముందు కాలేది ఫ్యూజు కాదు, గోడలో ఎక్కడో కనపడని జాయింటు.

మరి మనిషిని? మన ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారినా ప్రాణానికి ముప్పే. అంటే 0.03 ఆంపియరు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అది ఆనదు కూడా. ఆ పని ఆర్‌సీసీబీది, అది వేరే పరికరం.

పొలాల్లో అయితే ఫ్యూజే ప్రాణం తీస్తుంది. పంట ఎండిపోతుంటే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతుల వార్తలు మన జిల్లా పేజీల్లో కొత్త కాదు. ఫ్యూజు పోయిందంటే తీగకి ఒకవైపే కరెంటు ఆగింది, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఇంకా ఉంది. ఏబీ స్విచ్ దించినా, ఆ స్విచ్‌కి పైన 11 కేవీ అలాగే ఉంటుంది.