ప్రమాదం జరిగాక డ్రైవర్ బాధ్యత: సెక్షన్ 134

బిలాస్‌పూర్ శివార్లలోని బోద్రీ పేరు గుర్తుంచుకోండి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది అక్కడే. ఆ రాష్ట్రంలోని మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ల తీర్పులపై అప్పీలు మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 173 కింద 90 రోజుల్లో ఈ కోర్టుకే చేసుకోవాలి.

కానీ విషయం కోర్టు దాకా వెళ్లకముందే, చాలా కేసుల్లో ప్రాణం నిలిచేదీ పోయేదీ రోడ్డు మీదే. అందుకే అదే చట్టంలోని సెక్షన్ 134ను కంఠస్థం చేయడంతో ఆగకుండా అర్థం చేసుకోవాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ మొదటి విధి. జనం ఆగ్రహంతో మీదపడే పరిస్థితి ఉంటే లేదా తన చేతిలో లేని మరో కారణం అడ్డుపడితే మాత్రమే దీనికి మినహాయింపు. పరీక్ష రాసే అభ్యర్థులు పొరబడేది ఇక్కడే: ఆ మినహాయింపు వైద్యం విషయంలోనే, పోలీసులకు చెప్పే విషయంలో కాదు. ఘటనాస్థలంలో పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, గరిష్ఠంగా 24 గంటల్లో, దగ్గరి స్టేషన్‌లో తెలపాలి. బీమా సంస్థకు పాలసీ నంబరు, ప్రమాద వివరాలు, బాధితుల సమాచారం, లైసెన్సు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఉల్లంఘిస్తే సెక్షన్ 187 ప్రకారం 6 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇది 2019 సవరణ తర్వాతి మాట. పాత పుస్తకాల్లో రూ.500 అనే ఉంటుంది, చూసుకోండి.

అదే సవరణతో వచ్చిన 134ఎ, సాయం చేసిన బాటసారికి రక్షణ కల్పిస్తుంది. పరీక్ష కోసమే కాదు, రోడ్డెక్కే ప్రతిరోజూ ఈ నిబంధనలను గుర్తుంచుకోండి.