ఆడు ఉడుము - గ్రుడ్లు పెట్టు చోటు

విద్యార్థులారా! ఉడుము మీరెరిగిన జంతువే. పొలముగట్లమీదను, పుట్టల చెంతను ఎండ కాచుకొనుచుండగా మీలో పలువురు దానిని చూచియుందురు. పట్టినదానిని విడువనివానిని గూర్చి "ఉడుముపట్టు" అని మనము చెప్పుకొందుము. అయితే, బోనులో నుంచిన ఆడు ఉడుము తగిన చోటు దొరకనిచో తన గ్రుడ్లనుకూడ అట్లే కడుపులో పట్టియుంచి, తుదకు ప్రాణమే కోల్పోవుట కలదు. ఇందులకు కారణమేమి? దోషమెవరిది? ఈ పాఠమున విచారింతము.

మొదట స్వేచ్ఛగా తిరుగు ఉడుము ఏమి చేయునో చూతము. మన దేశపు ఉడుము వానకాలమున నేలలోనో, గట్టుప్రక్కనో బొరియ త్రవ్వి, సుమారు 20 గ్రుడ్లు పెట్టి, మన్నుతో కప్పివేయును. శత్రువులను మోసగించుటకు చెంతనే ఉత్త గోతులనుకూడ త్రవ్వును. ఆఫ్రికాలోని నైలు ఉడుము చెదపుట్టను చీల్చి అందు గ్రుడ్లు పెట్టును. చెదలు ఆ గండిని మరల పూడ్చివేయును. ఇండోనేషియాలోని కొమొడో ఉడుము, మెగాపోడ్ అను పక్షులు మన్నును ఆకులను ప్రోగుచేసిన దిబ్బలను తరచుగా వాడుకొనును. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక జాతి ఉడుము మెలికలు తిరిగిన సొరంగము త్రవ్వి, 3 మీటర్లకు పైబడిన లోతునకూడ గ్రుడ్లు పెట్టుచున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇంత శ్రమ యేల? కోడివలె ఉడుము గ్రుడ్లపై కూర్చుండి పొదుగదు. నేలయే వానిని పొదుగవలెను. ఈ గ్రుడ్డు పెంకు కోడిగ్రుడ్డు పెంకువలె గట్టిది కాదు; తోలువలె మెత్తనిది. అది చుట్టునున్న మన్నునుండి తేమను పీల్చుకొనును. మన్ను మిక్కిలి పొడియైనచో గ్రుడ్డు ముడుతలుపడి ఎండిపోవును. నీరు నిలిచినచో లోని పిల్లకు ఊపిరాడదు. గ్రుడ్లు పిల్లలగుటకు నెలలు పట్టును. కొమొడో ఉడుమునకు ఎనిమిది తొమ్మిది నెలలు కావలెను. అంతకాలము మారని వేడిమియు, తేమయు, మరుగును గల చోటును తల్లి ముందుగనే యెన్నుకొనవలసియున్నది.

ఇప్పుడు జంతుశాలలోని ఉడుమును తలచుకొనుడు. దాని క్రింద సిమెంటు నేలయో, జానెడు ఇసుకయో ఉన్నదనుకొనుడు. కాలము సమీపించినపుడు అది మేత మాని, మూలమూలలను గోళ్లతో గీరుచు, నిలుకడలేక తిరుగును. కొంత త్రవ్వి విడుచును, మరియొకచోట త్రవ్వును. ఎచ్చటను తృప్తి కలుగనిచో గ్రుడ్లను నేలపైననే చెదరగొట్టును, లేదా నీటితొట్టిలో విడుచును. అవి చెడిపోవును. అంతకంటె ఘోరమైనది, గ్రుడ్లు కడుపులోనే నిలిచిపోవుట. అప్పుడు తల్లి నీరసించును; లోపల చీము పట్టవచ్చును; గ్రుడ్డు పగిలి సొన కడుపులోనికి చిందవచ్చును. చోటు లేకపోవుట ఒక్కటే ఇందులకు కారణము కాదు. ఎండవేడిమి చాలమి, నీటి కొరత, మేతలో కాల్షియము లోపించుట, బలహీనత, గ్రుడ్డు వంకరగా నుండుట మొదలగునవియు కారణములే. కాల్షియము చాలనిచో గ్రుడ్డును వెలికిత్రోయు కండరములకు బలముండదు.

మగదానిని చెంత నుంచలేదు గావున గూడు అక్కరలేదని తలచుటయు పొరపాటే. ఒంటరిగానున్న ఆడుదియు గ్రుడ్లు పెట్టవచ్చును. 2006లో ఇంగ్లండునందలి చెస్టరు జంతుశాలలో, మగదానితో ఎన్నడును కలియని కొమొడో ఉడుము గ్రుడ్లు పెట్టగా, 2007 జనవరిలో వానినుండి పిల్లలు సహితము వెలువడినవి!

కావున పోషకుని విధులివి: తల్లి దేహమంతయు దాగునంత లోతుగా మన్ను పోయవలెను. త్రవ్విన సొరంగము కూలకుండ ఇసుకలో మట్టి కలిపి, పిడికిట పట్టిన నిలుచునంత తేమ యుంచవలెను. మంటిలోపలి వేడిమి సుమారు 28 మొదలు 31 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉండుట మేలు. ఇతర ఉడుములును, చూడవచ్చు జనులును దానిని కలతపెట్టరాదు. ఇన్ని చేసినను అది గ్రుడ్లు పెట్టక నీరసించినచో, వెంటనే పశువైద్యునికి చూపవలెను. అతడు ఎక్స్‌రే తీసి, మందిచ్చుటయో శస్త్రచికిత్స చేయుటయో నిర్ణయించును. కడుపును చేతితో నొక్కుట ప్రాణాపాయకరము. పెట్టిన గ్రుడ్లను తీయునపుడు పైప్రక్కను పెన్సిలుతో గుర్తించి, తలక్రిందులు చేయక అట్లే యుంచవలెను. ఏలయన లోని పిండము గ్రుడ్డు పైభాగమున అంటుకొని యుండును, త్రిప్పినచో చచ్చును.

ఇట్టి శ్రద్ధ నిష్ఫలము కాదు. 1992లో వాషింగ్టను జంతుశాలలో 13 కొమొడో పిల్లలు పుట్టినవి. ఇండోనేషియాకు వెలుపల ఆ జాతి పిల్లలు పుట్టుట అదియే ప్రథమము.

కాబట్టి గ్రుడ్లు పెట్టని ఉడుమును మొండిదని నిందింపరాదు. మనము దానికి చోటీయలేదు. అది తన బిడ్డలకు పనికిరాని చోటును అంగీకరింపలేదు. అంతియే.

ముచ్చటపడి ఉడుమును ఇంటికి తెచ్చుకొందమని మీలో ఎవరైన తలచినచో, ఆ తలంపు విడువుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత మన దేశపు ఉడుమును పట్టుటయు, ఉంచుకొనుటయు నేరము. తల్లిదండ్రులకును ఒక మనవి: వానకాలమున గట్టుమీద క్రొత్తగా పూడ్చిన బొరియ కనబడినచో త్రవ్వింపక విడువుడు. ఒక తల్లి వెదకి వెదకి యెన్నుకొన్న చోటది.

ప్రశ్నలు:
1. ఉడుము గ్రుడ్డునకును కోడిగ్రుడ్డునకును గల భేదములేవి?
2. ఆడు ఉడుము పలుచోట్ల త్రవ్వి విడుచుటకు కారణమేమి?
3. ఒంటరి ఆడు ఉడుమునకుకూడ గూడు ఏల కావలెను?