వైద్య నిర్లక్ష్యం: పరిహారానికి పరిమితి పెట్టాలా?

వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో ‘ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత’ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించింది. దాంతో పుంగనూరులో డబ్బు కట్టి ప్రైవేటు వైద్యం చేయించుకున్న రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు. మదనపల్లెలో పూర్తి ఉచిత వైద్యం పొందిన కూలీ మాత్రం సివిల్ కోర్టు మెట్లెక్కాలి. అసలు అన్యాయం ఇదే.

ఇక పరిమితి విషయానికొస్తే, పరిహారాలు పెరిగితే వైద్యుల బీమా ప్రీమియం, దాని వెంటే ఫీజులు పెరుగుతాయని, కేసుల భయంతో కుప్పం వైద్యులు క్లిష్టమైన రోగులను బెంగళూరుకు పంపేస్తారని పరిమితి కోరేవారి అభ్యంతరం. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ పరిమితి దానికి మందు కాదు. కాలిఫోర్నియా 1975లో మనోవేదనకిచ్చే పరిహారాన్ని 2.5 లక్షల డాలర్లకు కట్టడి చేసి, 2022లో చట్టం సవరించి ఆ పరిమితిని పెంచింది. హైదరాబాద్ నిమ్స్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇప్పించిన కోటి రూపాయలు, శస్త్రచికిత్స తర్వాత కాళ్లు చచ్చుబడిన యువకుడి బతుకు ఖర్చు. పరిమితి పెడితే ఆ ఖర్చు మాయం కాదు, కుటుంబం నెత్తిన పడుతుంది. వైద్యులకు రక్షణ ఇప్పటికే ఉంది: తీవ్ర నిర్లక్ష్యమైతేనే క్రిమినల్ కేసని జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2005) చెప్పింది. చిన్న ఆసుపత్రుల ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించడమే మేలైన దారి.