భూకంపము – గృహస్థులు తెలియవలసిన విషయములు

భూమి కంపించుటచేతనే మనుష్యులు మరణించుట అరుదు; వారిని చంపునది కూలిన యిల్లు. తలిదండ్రులు ఈ యొక్క సత్యమును గ్రహించినచో బిడ్డల రక్షణకు మార్గము తోచునని మేము తలంచుచున్నాము.

దక్కను పీఠభూమి కఠినశిలామయ మగుటచే ఇచట భూకంపము రాదని పెక్కండ్రు చాలకాలము నమ్మిరి. 1967 డిసెంబరు 11 న కొయినాలో కలిగిన కంపము ఆ నమ్మకమును సడలించెను. 1993 సెప్టెంబరు 30 న కిల్లారిలో కలిగినది దానిని తుడిచివేసెను. లాతూరు జిల్లాలోని ఆ గ్రామము మన షోలాపురమునకు ఈశాన్యమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. అప్పటి భూకంప పటములో అది మిక్కిలి తక్కువ యపాయము గల మొదటి మండలమున నుండెను. ప్రజలు వినాయక నిమజ్జనము ముగించుకొని నిద్రించుచుండగా, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు భూమి కదలెను. 7,900 మందికి పైగా మరణించిరి. 2002 నాటి పటమున ఆ ప్రాంతమును మూడవ మండలమున చేర్చిరి.

ఆ కంపపు పరిమాణము సుమారు 6.2. అంతకంటె పెద్ద కంపములు కొన్ని దేశములలో స్వల్పనష్టముతో గడచినవి. ఇచట నింత నష్టమేల కలిగెను? అచటి గోడలు చెక్కని రాళ్లను మట్టితో పేర్చి మిక్కిలి మందముగా కట్టినవి. వెలుపలి వరుసను లోపలి వరుసతో బంధించు పొడుగురాళ్లు లేవు. దూలములపై దట్టమైన మట్టికప్పు. మన పెద్దలు మట్టిమిద్దె యనునది ఇట్టిదే. భూమి కదలగానే గోడ రెండుగా చీలెను. కప్పు నిద్రించువారిపై బడెను.

కావున క్రొత్తగా నిల్లు కట్టువారు ద్వారబంధముల పైయెత్తున ఇనుపకమ్ములతో కూడిన కాంక్రీటు పట్టీని ఇల్లంతయు చుట్టివచ్చునట్లు వేయింపవలెను. పెట్టెకు కట్టిన త్రాడువలె అది గోడలను కలిపి పట్టును. కప్పు తేలికగా నుండవలెను. అద్దె యిండ్లలో నున్నవారు గోడలను మార్చలేరు. కాని బిడ్డలు పండుకొను చోటును నేడే మార్చవచ్చును. కొయినా కంపము కూడ తెల్లవారుజాముననే వచ్చినదని మరువరాదు.

ఇంట చేయదగిన పనులు:

1. పిల్లల పడక పైని అటకలో ఇత్తడి బిందెలు, నూలుమూటలు ఉంచరాదు. బీరువాను గోడకు బిగింపవలెను.

2. పడకయొద్ద టార్చిలైటు, చెప్పులు ఉంచవలెను. చీకటిలో పగిలిన గాజు కాళ్లను గాయపరచును.

3. కాంక్రీటు మేడలో నున్నవారు కంపసమయమున మెట్లవైపు పరుగిడరాదు, లిఫ్టు నెక్కరాదు. బల్లక్రింద దూరి దాని కాలును పట్టుకొనవలెను. పడకపై నున్నవారు తలగడతో తలను కప్పుకొనవలెను.

4. మట్టిగోడల యింట, వాకిలి చేరువనుండి వెలుపల బయలున్నచో వెంటనే బయటికి పోవుట మేలు.

5. కంపము ఆగిన పిదప గ్యాసు రెగ్యులేటరును, మెయిన్ స్విచ్చును ఆపవలెను, అగ్గిపుల్ల గీయరాదు. మరల కంపములు వచ్చును గనుక బీటలువారిన యింటిలోనికి పోరాదు.

6. మనిషికి దినమునకు 3 లేక 4 లీటర్ల చొప్పున మూడు దినముల నీరు, మందులు, రేషను కార్డు మొదలగు పత్రములు సిద్ధముగా నుంచవలెను.

7. కుటుంబమంతయు కలిసికొనవలసిన బయలును ముందే నిర్ణయింపవలెను. 112 అను సహాయసంఖ్యను, ఒక బంధువు ఫోనుసంఖ్యను పిల్లలకు కంఠస్థము చేయింపవలెను.

మనవంటి కుటుంబములకు మరియొక విషయము కలదు. ఆపత్సమయమున అధికారుల ప్రకటనలు మరాఠీలో వచ్చును. తెలుగు మాత్రమే యెరిగిన అవ్వకు వాని యర్థము చెప్పువాడు బడికి పోవు మనుమడే. అతనికి పై సంగతులు తెలిసియున్న ఆమెయు రక్షింపబడును.

ఈ పుటను చదివి మూసివేయుట చాలదు. నేటి రాత్రి బిడ్డలు పండుకొను గదిలో నిలిచి, పైకి చూచి, వారిపై పడదగిన వస్తువేదియని యోచింపుడు. దానిని తొలగించిన పిమ్మటనే దీపమార్పుడు.