మానవ శరీరములో ప్లాస్టిక్ రేణువులు

విరామ సమయమున మనము త్రాగు చాయ్ నేడు చాలచోట్ల కాగితపు కప్పులోనే లభించుచున్నది. పేరునకది కాగితమే గాని, వట్టి కాగితము వేడి ద్రవమును నిలుపజాలదు. అందుచే లోపలి వైపున పలుచని పొరను, సాధారణముగా పాలిథీన్ పొరను, అతికించుదురు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో ఇట్టి కప్పులను పరీక్షించిరి. 85 నుండి 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల నీటిని 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషములుంచగా, సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోనికి విడివడినట్లు లెక్కించిరి.

5 మిల్లీమీటర్ల కంటె చిన్నవైన ప్లాస్టిక్ తునకలను మైక్రోప్లాస్టిక్కులందురు. 2004లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రిచర్డ్ థాంప్సన్ సముద్రతీరపు ఇసుకను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ పేరు వ్యాప్తిలోనికి వచ్చినది. ప్లాస్టిక్ కుళ్లిపోదు, ఎండకు పెళుసై, రాపిడికి అరిగి, అంతకంతకు చిన్నదగును. మనము మ్రింగినవానిలో పెద్దవి మలముతో బయటికి పోవును. మిక్కిలి సూక్ష్మమైనవి ప్రేగుల గోడను దాటి రక్తమున చేరవచ్చును. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 22 మంది ఆరోగ్యవంతుల రక్తమును పరీక్షింపగా 17 మందిలో ప్లాస్టిక్ కనబడినది. నీటి సీసాలకు వాడు పెట్ రకమే అందు ముఖ్యమైనది. ఇటలీలో ఆరుగురు బాలింతల మావిని పరిశీలింపగా నలుగురి మావిలో రేణువులు దొరికినవని 2021లో ప్రచురితమైనది.

అయితే కనబడుట వేరు, కీడు చేయుట వేరు. 2024లో ఇటలీ వైద్యులు 257 మంది రోగుల మెడ ధమనులనుండి తీసిన క్రొవ్వు గడ్డలను పరీక్షించిరి. 150 మందిలో పాలిథీన్ కనబడినది. సుమారు 34 మాసముల కాలములో, ప్లాస్టిక్ ఉన్నవారికి గుండెపోటు గాని, పక్షవాతము గాని, మరణము గాని సంభవించు ప్రమాదము లేనివారికంటె నాలుగున్నర రెట్లుగా తేలినది. ఈ అంకె చదివి మేమును ఉలికిపడితిమి. కాని ప్లాస్టిక్కే కారణమని ఆ వైద్యులు సైతము చెప్పలేదు. ఆ రోగుల ఆహారము, నివాసము వేరువేరుగా ఉండవచ్చును. ప్రయోగశాల గాలినుండియే రేణువులు నమూనాలో పడవచ్చును. ఎలుకలపై జరిగిన ప్రయోగములలో వాపు కనబడిన మాట నిజమే. ఆ మోతాదులు తరచుగా మనకు సోకుదానికంటె చాల హెచ్చు. మెదడులో ప్లాస్టిక్ పేరుకొనుచున్నదని 2025లో అమెరికానుండి వెలువడిన వ్యాసముపై, మెదడులోని క్రొవ్వే పరీక్షలో పాలిథీన్ వలె కనబడగలదను విమర్శ వచ్చినది. ఇక మనము వారమునకు 5 గ్రాములు తినుచున్నామని 2019నుండి ప్రచారములోనున్న మాట, తరువాతి లెక్కలకు నిలువలేదు.

ఇన్ని సందేహములున్నను, వేడి చాయ్‌లోనికి రేణువులు దిగుట మాత్రము ప్రయోగమున చూచినదే. కావున కాంటీనులో గాజు గ్లాసులు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము. కడుగుటకు ఒక మనిషి, కొంత నీరు అదనముగా కావలసివచ్చును. వేసవి నీటి ఎద్దడి మాకును తెలియును. పగిలిన గ్లాసుల వెల విద్యార్థులమే చెల్లింతుము.