మా మగ్గాల వీధి

మాది ధర్మవరం. నేను పుట్టి పెరిగింది మగ్గాల వీధిలో. ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో సైరన్ మోగితే జనం పనికి పోతారు. మా వీధిలో సైరన్ లేదు, గేటు లేదు. ఇల్లే ఫ్యాక్టరీ. తెల్లవారకముందే ఒక ఇంట్లో మగ్గం టకటకమనేది. తర్వాత పక్కింట్లో. కాసేపటికి వీధంతా అదే చప్పుడు. పిల్లలం ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. మగ్గం ఆగిందంటే పట్టు అయిపోయిందన్నమాట. లేకపోతే వాన నీళ్లు గుంతలోకి దిగాయన్నమాట.

మాది గుంత మగ్గం. నాయన గుంతలో కాళ్లు పెట్టి నేసేవాడు. చీరకు వారం పట్టేది. బుటాలు ఎక్కువైతే ఇంకా ఎక్కువ.

అమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. కండె లేకపోతే నాడె నడవదు. నాడె నడవకపోతే చీర లేదు. వార్పు, అంటే పడుగు, అయిపోతే కొత్తది అతకాలి. వేల పోగులు! ఒక్కో పోగునూ పాత పోగుకు మెలిపెట్టాలి. అమ్మ, అవ్వ వేళ్లకు బూడిద అద్దుకొని కూర్చునేవాళ్లు. లేచేసరికి నడుములు పట్టేసేవి. బడి నుంచి వచ్చి నేనూ కండెలు చుట్టేదాన్ని.

మా పట్టు దూరం నుంచి వచ్చేది కాదు. పెనుకొండ, మడకశిర, హిందూపురం పక్క రైతులు మల్బరీ వేస్తారు. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తెస్తారు. పురుగులకు ఆకు వేసే పనిలోనూ ఆడవాళ్లే ఎక్కువ.

చీర అయ్యాక నాయన షావుకారు దగ్గరకు పోయేవాడు. షావుకారు చీర తూకం వేసి చీటీ రాసేవాడు. ఇచ్చిన పట్టు ఎంత, సరిగ ఎంత, కూలి ఎంత, అడ్వాన్సు కింద పట్టుకున్నది ఎంత. ఆ చీటీ నేను చదివి చెప్పేదాన్ని.

ఒకరోజు అమ్మ అడిగింది.

"నా పేరు యాడుందే?"

"లేదమ్మా. నాయన పేరే ఉంది."

"కండెలకు ఎంత యేసినాడు?"

"అదీ లేదు."

అమ్మ ఏమీ అనలేదు. పోయి రాట్నం ముందు కూర్చుంది.

ఇప్పుడు ఊళ్లో మరమగ్గాలూ వచ్చాయి. చప్పుడు మారింది. 2019-20లో దేశమంతా చేనేత పనివాళ్ల లెక్క తీశారు. అది నాలుగో లెక్క. 35 లక్షల మందికి పైగా తేలారు. వాళ్లలో 25 లక్షల మందికి పైగా ఆడవాళ్లే. అంటే పదిమందిలో ఏడుగురు! నేసేవాళ్లనే కాదు, కండెలు చుట్టేవాళ్లనూ ఆ లెక్కలో రాసుకున్నారు.

అక్కలూ, మీ ఇంటి చీటీ ఒకటి తీయండి. పట్టు తూకం, చీర తూకం, కూలి, అడ్వాన్సు ఎక్కడున్నాయో చదవండి. చీటీ వెనక మీ పేరు రాయండి. ఆ చీరకు మీరు ఎన్ని కండెలు చుట్టారో, ఎన్ని గంటలు కూర్చున్నారో పక్కన రాయండి.