మరుపునకు మందు: ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాము

కార్డుకు ఒకవైపు ప్రశ్న, మరొకవైపు జవాబు వ్రాసుకొని చదవడం విద్యార్థులకు పాత అలవాటే. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో వెలువరించిన గ్రంథంలో ఆ కార్డులకు అరల పెట్టెను సూచించాడు. సరిగా చెప్పిన కార్డు తరువాతి అరకు పోతుంది. తప్పినది మొదటి అరకే తిరిగి వస్తుంది. పై అరలను అప్పుడప్పుడు చూస్తే చాలు.

ఈ పద్ధతిని కంప్యూటరుకు నేర్పడానికి సి భాష చాలు. ప్రశ్న, జవాబు, అర సంఖ్య - ఈ మూడింటినీ ఒక స్ట్రక్చరుగా కూర్చితే అదే కార్డు. జవాబులను పోల్చడానికి మాత్రం జంట సమాన చిహ్నం పనికిరాదు. అది అక్షరాలను గాక మెమొరీలోని చిరునామాలను పోలుస్తుంది. కొత్తవారు తరచు పొరబడేది ఇక్కడే.

అసలు చిక్కు వేరు. మరుపును పోగొట్టవలసిన ప్రోగ్రామే ముగియగానే సర్వమూ మరచిపోతుంది! అర సంఖ్యలను ఫైలులో భద్రపరచి, మరునాడు ముందుగా వాటిని చదివించాలి. లేకున్న నేర్చిన కార్డులన్నీ మళ్లీ మొదటి అరలోనే ప్రత్యక్షమవుతాయి.